నేను పడవ గూడును

నేను నూలు కాన్వాసు గుడ్డను. విజయవాడ వన్‌టౌన్‌లో టార్పాలిన్లు కుట్టే దుకాణంలో తానుగా ఉండేదాన్ని. చిన్న పడవకు గూడు కావాలని ఓ కుర్రాడు వచ్చాడు. ముందు నీలం ప్లాస్టిక్ పట్టా మీద చెయ్యేశాడు. చవక, తేలిక.

కుట్టే పెద్దాయన ఒప్పుకోలేదు. "బెజవాడ ఎండకి పెళుసెక్కి చిరుగుద్దిరా అబ్బాయ్. పైగా కింద ఉక్క."

నాలోంచి కాస్త గాలాడుతుంది. వాన పడితే నూలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. కుర్రాడు తెలుపు అడిగాడు. నది మీద ఎండ పైనుంచే కాదు, నీళ్ల మీద పడి కిందనుంచీ కొడుతుంది. లోపలి వైపు తెల్లగా ఉంటే ఆ తళుకు తిరిగి కళ్లలోకే వస్తుంది. అందుకే ఖాకీ తీసుకున్నారు.

కత్తెర వేసేముందు నన్ను నీళ్లలో ముంచి ఆరేశారు. ముందే ముడుచుకోకపోతే తొలి వానకే బిగిసి కుట్లు తెగుతాయి. మూలల్లో రెండు పొరలు వేసి ఇత్తడి రింగులు కొట్టారు.

అసలు పేచీ ఎత్తు దగ్గర వచ్చింది.

"నిలబడినా తల తగలకూడదు బాబాయ్."

"కూర్చుంటే తగలకపోతే చాలు. ఎత్తు కట్టావంటే గాలి పడవని తిప్పేసుద్ది."

పెద్దాయన మాటే నిజం. ఈదురుగాలి లేచిందంటే నేను తెరచాపనైపోతాను, అదీ ఎవరి అదుపులోనూ లేని తెరచాపను. అందుకే కొస లాగితే విడిపోయే ముడులతోనే కట్టించాడు. కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హామ్ కాలవలో మద్రాసు దాకా పడవలు నడిచిన ఊరిది, గాలిని తేలిగ్గా తీసుకోదు. సన్నటి పైపులు వంచి, నడుమ ఎత్తు, పక్కలకు వాలు పెట్టారు. చదునుగా లాగి కడితే వాన నీళ్లు గుంటకట్టి పడవ ఒరుగుతుంది.

దుర్గా ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి పడమరగా వెళ్లాలి. సాయంత్రం ఎండ సూటిగా మొహానే. ముందంచు జానెడు దించారు, చుక్కాని దగ్గరున్నవాడికి దారి కనపడేంత వదిలి.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బరువైన పడవలు కొట్టుకొచ్చి గేట్లకు తగిలాయి. హెచ్చరిక వినగానే కుర్రాడు ముందు నన్నే విప్పాడు, తరవాతే పడవను గట్టుకి లాగాడు. ఎండ కాసిన రోజున రెండు వైపులా ఆరాకే మడిచాడు. తడిగా మడిస్తే బూజు పట్టి నూలు చివికిపోతుంది. కొత్తగా గూడు కట్టించేవాళ్లకు ఇప్పుడతను ముడుల సంగతే ముందు చెబుతున్నాడు, గుడ్డ ధర తరవాత.