పాతరవ్వలను ఎన్నుకొను విధానము

పాత వజ్రమును కొనదలచినవాడు మొట్టమొదట అభ్యసింపవలసినది వజ్రమువైపు చూడకుండుట. రాయి పట్టుగుడ్డపై మెరయుచునే యుండును, మెరయనిండు. మనము మాత్రము గంభీరముగా చేయి చాచి, "కాగితమున్నదా?" అని అడుగవలెను. ఆ ఒక్క ప్రశ్నతో, మనము తెలిసినవారమన్న భ్రాంతి దుకాణదారునకును, అతడు మనలను మోసగింపలేడన్న భ్రాంతి మనకును ఏకకాలమున కలుగును. మా బంధువర్గమున ఎవరు రవ్వల దుద్దులు కొన్నను ఈ పద్ధతినే పాటించిరి, నేనును పాటించితిని, కావున ఈ క్రింది సూచనలను అనుభవజ్ఞుని వాక్యములుగా గ్రహింపవచ్చును.

కాగితమునందు నాలుగు సంగతులుండును: బరువు, రంగు, స్వచ్ఛత, కోత. బరువునకు కేరట్టు కొలత. కేరట్టనగా 200 మిల్లీగ్రాములు, అందు నూరవవంతు సెంటు. రంగునకు ఆంగ్లాక్షరమాలయే గాని, ఏ, బీ, సీలను పూర్వపు వర్తకులు తమ సరకుపై ఇష్టము వచ్చినట్లు వాడి అరగదీసినందున, అమెరికాలోని జి.ఐ.ఏ. సంస్థవారు వానిని విడిచి 'డి'తో ఆరంభించిరి. 'డి' అనగా నిర్వర్ణము. 'జడ్' వైపు పోయినకొలది పసుపు. ఇంతమాత్రము కంఠస్థము చేసినవాడు పెండ్లిండ్లలో ముందువరుసలో కూర్చుండి, ఎదుటి స్త్రీల చెవులపై తీర్పు చెప్పుటకు అర్హుడగును.

స్వచ్ఛత కొరకు, వస్తువును పదింతలు చేసి చూపు భూతద్దమొకటి కొనవలెను. కంటికి కనబడని చుక్క దానిలో కనబడును. ఒకసారి కనబడిన పిమ్మట అద్దము లేకున్నను కనబడుచునే యుండును. పూర్వము రత్నశాస్త్రములు వ్రాసినవారు బిందువు, రేఖ, కాకపదము మున్నగు దోషములను లెక్కించి, ఇట్టి రాయిని ధరించినవానికి ఇట్టి అనర్థము వాటిల్లునని భయపెట్టిరి. నేటివారు అనర్థమును తొలగించి ధరను మాత్రము తగ్గించిరి. మా అడవిపట్టున వేసవిలో తునికాకు కల్లమును చూచినవారికి ఈ విద్య క్రొత్త గాదు. కల్లేదారు యాభై ఆకుల కట్టను విప్పి, చిల్లిపడినదానిని, ముదిరినదానిని ఏరి అవతల పారవేయును. అయితే అతడు ఆకును చేతబట్టి వెలుతురున చూచును గాని కాగితమడుగడు. వెనుకబడిన పద్ధతి.

ఇక కోత. ఇది నాకు మిక్కిలి ప్రియమైన ప్రకరణము, ఏలయన నేను పూర్తిగా బోల్తాపడినది ఇక్కడనే. రంగును స్వచ్ఛతను భూగర్భమిచ్చెను. కోత మాత్రము మనుష్యుని చేతిపని. పైపలకనుండి లోపలికి పోయిన వెలుతురు అడుగుపలకకు తాకి, ఎదుటిపలకకు మరలి, తిరిగి చూపరి కంటికి రావలెను. రాయి మరీ పలుచనైనను, మరీ లోతైనను, ఆ వెలుతురు అడుగునుండియో ప్రక్కనుండియో జారిపోవును. మార్సెల్ టోల్కోవ్‌స్కీ అను నాతడు 1919లోనే గణితము కట్టి ఆ కోణములను నిర్ణయించెను. ఇంత తెలిసియు లోతైన రాళ్లనేల కోయుదురందురా? మనము కేరట్టుకు డబ్బిత్తుము గాని కాంతికీయము గనుక. కోతపనివాడు రాతి పొట్టను మిగిల్చి బరువును దక్కించుకొనును; ఆ పొట్ట దుద్దుగూటిలో దాగిపోవును; కనబడని ఆ పొట్టకు మనము సంతోషముగా సొమ్ము చెల్లింతుము. గోలకొండ గనులను చూడవచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, రాతిలో దోషమున్నచో మన పనివారు చిన్నచిన్న పలకలు పెక్కు తీర్చి దానిని కప్పిపుచ్చెదరని పదునేడవ శతాబ్దముననే వ్రాసిపెట్టెను.

ఈ విషయమున చక్రవర్తులును మనవంటివారే. కృష్ణాతీరమున కొల్లూరు గనిలో పుట్టినదని మనము చెప్పుకొను కోహినూరును మించి చేతులు మారిన పాతవజ్రము వేరొకటి యుండునా? దానిని 1851లో లండను ప్రదర్శనశాలలో ఉంచగా, విరగబడి వచ్చిన జనులు ఇంతేనా యని పెదవి విరిచిరి. అపుడు రాణిగారి భర్త ఆల్బర్టు, మరుసటి యేట దానిని తిరిగి కోయించెను. 191 కేరట్ల రాయి 105.6 కేరట్లయ్యెను. మెరుపు కొరకు బరువులో నూటికి నలువది పాళ్లకు పైగా ధూళిగా రాలనిచ్చుట రాజులకు చెల్లును. మన యిండ్లలో నాలుగు సెంట్లు తరిగినను అత్తగారు మూడు దినములు అన్నము ముట్టరు.

నా సంగతి చెప్పెదను. రెండేండ్ల క్రిందట నేనును నా భార్యయు ఖమ్మములో ఒక దుకాణమునకు పోతిమి. పాత దుద్దులు రెండు జతలు చూపిరి. బరువొక్కటే, ధరయు ఇంచుమించుగా ఒక్కటే. మొదటిదాని రంగును స్వచ్ఛతయు కాగితముపై ఉన్నతశ్రేణివి. కోతకెదురుగా మాత్రము ఐదు మెట్లలో నాలుగవది. రెండవదానికి రంగు రెండక్షరములు దిగువ. కాని అది వాకిటి వెలుతురున కదలినపుడెల్ల పలుకరించుచున్నట్లుండెను. "ఇవి బాగున్నాయండీ" అనెను నా భార్య. "వాటికి గ్రేడు తక్కువ" అని నేను శాసించితిని. దుకాణపు దీపముల క్రింద మొదటి జతయు ధగధగలాడుచునే యుండెను. ఆ దీపములు గాజుముక్కనైనను రాణిని చేయగలవన్న జ్ఞానము నాకు మరునాడు గాని కలుగలేదు. మరునాటి ఉదయము సారపాకలో మా యింటి అరుగుమీద, మబ్బు వెలుతురున చూడగా, ఆ రాళ్లు అలిగినవానివలె నడుమ నల్లబడి కూర్చుండెను. నేను కాగితము తీసి మరల చదివితిని. "ఆ కాగితం కూడా చెవికి వేలాడదీసుకోమంటారా?" అని ఆమె అడిగెను.

అమ్మమ్మలనాటి పాతకోత రాళ్లకు కాగితముపై కోతశ్రేణి యుండదు, జి.ఐ.ఏ. వారు 2006 నుండి నేటి గుండ్రని బ్రిలియంటు కోతకే దానిని వేయుచున్నారు. కావున దీపపుసెమ్మె వెలుగున చూచుటకై కోసిన ఆ రాతికి గ్రేడు లేదని చెప్పి ధర తగ్గించుమనవలెను.

దుద్దులో బిగించిన రాతిని ఆ సంస్థ పరీక్షింపదు. కాగితము ఈ రాతిదేనా అన్నది రాతి నడుముపై లేసరుతో చెక్కిన సంఖ్యనుబట్టి సరిచూడవచ్చును. సరిచూచినచో దుకాణదారుడు నొచ్చుకొనును గనుక మనము చూడము.

కొనకముందు పదిమంది బంధువులనడుగవలెను. పదిమందియు తమ యింటిలోనివి 'బ్లూజాగరు' లందురు. దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గనిపేరు వర్తకుల నోట అరిగి జాగరైనది. ఆ గనిలో ఎన్ని రాళ్లు దొరకెనో గాని, తెలుగుదేశమున ఉన్నవన్నియు అందులోనివే.

భక్తశిఖామణులనుండియు నేర్చుకొనదగినది కలదు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారై, సర్కారు పైకముతో భద్రాద్రిలో గుడి కట్టి, సీతారాములకు నగలు చేయించి, తానీషా చెరసాలలో పడినపుడు ఆ నగలను పాటలో ఏకరువు పెట్టెను. చింతాకు పతకమునకు ఎన్ని వరహాలు పట్టెనో చెప్పెనే గాని, అందలి రాళ్ల శ్రేణి యేదియో చెప్పలేదు. వజ్రపు గనులకే అధిపతియైన తానీషా కొలువున పనిచేసినవాడే అట్లు చేయగా, మనము ధర మాత్రమే జ్ఞాపకముంచుకొనుట తప్పా?

వజ్రము నూనెను ఆకర్షించును. గనులలో జిడ్డు పూసిన బల్లలపై రాళ్లను పారించి పట్టుట అందుచేతనే. కావున తలంటి పిమ్మట మసకబారిన రాతిని కుంకుడురసముతో కడిగినచో సగము కోత బాగుపడినట్లుండును. ఈ ఖర్చులేని సూచనను ఎవరును పాటింపరు.

ఇది ఎవరి చెవినుండి వచ్చినదని మాత్రము ఎన్నడును అడుగరాదు. నేను అడుగలేదు. మా యమ్మకు రవ్వల బేసరి యుండెను. నా కళాశాల రుసుము కట్టవలసిన యేడు దానిని తీసికొని నేనే దుకాణమునకు పోతిని. అతడు త్రాసులో వేసి, రాళ్ల బరువు కొట్టివేసి, బంగారమునకు వెల కట్టెను. రాళ్ల మాటేమని అడిగితిని. "రాళ్లకు లెక్క లేదు బాబూ" అనెను. మా యింటిలో ఆ రాళ్లకు ముప్పదియేండ్ల లెక్క యుండెను. దానిని చూపు కాగితము లేదు. ఖమ్మము మిర్చియార్డులో ప్రతి ఉదయము జెండాపాట జరుగును. ఆనాటి మేలైన తేజకాయల రాశికి పాడిన ధరయే మిర్చిధరయని ఊరంతయు చెప్పుకొనును. మిగిలిన రైతు తేమయని, తాలని, రంగు తగ్గినదని దిగగోసిన ధరకు అమ్ముకొని బండి తోలుకొనిపోవును. వజ్రపు ధరలు వినునపుడెల్ల నాకు జెండాపాటయే గుర్తుకు వచ్చును. కొనునపుడు మనము జెండా క్రింద నిలిచెదము. అమ్మునపుడు తాలుకుప్ప ప్రక్కన.

ఆ రెండవ జతను ఎవరు కొనిరో తెలియదు. మా జత కాగితము బ్యాంకు పెట్టెలో, ప్లాస్టికు తొడుగులో, చెక్కుచెదరక యున్నది. మొన్నటి శ్రీరామనవమికి భద్రాద్రిలోని మిథిలా స్టేడియములో కల్యాణము చూచుచుండగా, ముత్యాల తలంబ్రాలవేళ జనమంతయు లేచి నిలిచిన సందడిలో, ప్రక్కనున్న పెద్దముత్తైదువ నా భార్య చెవులను పరకాయించి చూచి, "రవ్వలా అమ్మా? ఎక్కడివి?" అని అడిగెను. నా భార్య నావైపు చూచెను.

"బ్లూజాగరులండీ" అంటిని నేను.