చుక్కల బాబాయిగారు

ఏటా డిసెంబరు 13 సాయంత్రం మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వెలువడుతుంది: ‘ఈ రాత్రి జెమినిడ్ ఉల్కాపాతం. గంటకు 120. అందరూ డాబా మీదికి రావాలి. మంకీ టోపీ తప్పనిసరి.’ దాని కింద మూడు నమస్కారాలు, ఒక బొటనవేలు, ‘దీన్ని కూడా మెయింటెనెన్సులో కలుపుతారా?’ అని నాలుగో అంతస్తు వారి అనుమానం వచ్చి చేరతాయి. ప్రకటన మా చుక్కల బాబాయిగారిది. ఇలాంటి బాబాయి ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒకరుంటారు. లిఫ్టు ఒక్కోచోట ఉండకపోవచ్చు గానీ ఈయన మాత్రం ఉంటారు.

రిటైరయ్యాక కొందరు వాకింగు పట్టుకుంటారు, కొందరు భగవద్గీత పట్టుకుంటారు. ఈయన ఆకాశం పట్టుకున్నారు. ముందు టెలిస్కోపు కొన్నారు. దాంతో కనపడేది ఆకాశంలో చిటికెడు ముక్కేనని, ఉల్క ఎటునుంచి దూసుకొస్తుందో తెలియదు కాబట్టి ఒట్టి కళ్ళే మేలని తర్వాత తెలిసింది. ఇప్పుడు దాన్ని డాబా మీద శాలువా తగిలించుకోవడానికి వాడుతున్నారు.

డాబా ఎక్కితే ఆయన చట్టాలు అమల్లోకొస్తాయి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది కాబట్టి ఎవరూ ఫోను తీయకూడదు. ఆయన టార్చికి మాత్రం ఎర్ర కాగితం చుట్టి ఉంటుంది. వాటర్‌ట్యాంకు దగ్గరి బల్బు కోసం సెక్రటరీగారితో ఏటా ఓ యుద్ధం జరుగుతుంది. పక్కవీధి ఫంక్షన్‌హాలు లైట్ల మీద మాత్రం ఆయన అధికారం చెల్లదు. గంటకు 120 లెక్క ఊళ్ళకు దూరంగా, కటిక చీకట్లో, ఉల్కలొచ్చే దిక్కు సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పటిది. మా హైదరాబాదు డాబాకి ఎనిమిదో పదో వస్తే పండగే.

మొదటి ఉల్క కన్నా ముందు మొదటి ఉపన్యాసం పడుతుంది.

“పట్టా కప్పని ఇసుక లారీ వెళ్తే దారిపొడుగునా ఇసుక కారుతుందా? ఆ లారీ ఎప్పుడో పోయింది. తర్వాత స్కూటరు మీద మనం వెళ్తే ఆ ఇసుక మొహాన కొడుతుందా లేదా? తోకచుక్క లారీ, భూమి స్కూటరు. ఏటా అదే తేదీకి అదే మలుపు తిరుగుతాం, అదే ఇసుక తింటాం. ఆగస్టులో పడే పెర్సీడ్ల లారీ పేరు స్విఫ్ట్-టటిల్. 133 ఏళ్ళకో ట్రిప్పు. 1992లో వచ్చి వెళ్ళింది. ఇవాళ్టివి మాత్రం తోకచుక్కవి కావు. 1983లో కనిపెట్టిన ఫేథాన్ అనే గ్రహశకలం తాలూకువి.”

“ఎటు చూడాలి తాతగారూ?” అన్నాడో పిల్లాడు.

“మిథున రాశి వైపు. ఆ జంట చుక్కలే మన పునర్వసు.”

“రాముడి నక్షత్రం!” అంటూ మూడో అంతస్తు మామ్మగారు అటు తిరిగి దండం పెట్టారు. పెట్టిన దండం దించకముందే ఆవిడ ఖాతాలో మొదటి ఉల్క పడింది.

అందరం “అదిగో!” అన్నాం. బాబాయిగారు గిర్రున తిరిగారు. ఆయనకు కనిపించినవి గాల్లో లేచిన మా వేళ్ళే.

ఆయన జాతకమే అంత. ఉపన్యాసం చెప్పేవాడు శ్రోతల మొహాలు చూడాలి. శ్రోతలు పునర్వసును చూడాలి. కాబట్టి పునర్వసు ఎప్పుడూ ఆయన వీపు వెనకే. అయినా నిరాశ పడరు. వెంటనే నోటుబుక్కు తీస్తారు. “ఏ రంగు? ఎంత పొడుగు? సాక్షులెవరు?” నేరం జరిగాక వచ్చిన ఎస్సైలా వాంగ్మూలాలు రాసుకుంటారు.

“తెల్లగా ఉంది సార్. ఎవరో పెద్దాయన పోయుంటాడు” అన్నాడు వాచ్‌మన్.

“పోయింది ఇసుక రేణువయ్యా! మనకు వంద కిలోమీటర్ల పైన, సెకనుకు 35 కిలోమీటర్ల చొప్పున. అంటే హైదరాబాదు నుంచి బెజవాడకు ఎనిమిది సెకన్లు.”

“టోల్‌గేట్ల దగ్గర ఆగకుండానా?” అన్నాడు పిల్లాడు.

ఆయన వినిపించుకోలేదు. “గాలికి రాసుకుని మండుతుందంటారు గానీ, అసలు సంగతి రాపిడి కాదు. సైకిలు పంపు కొడితే అడుగున కాలుతుంది చూడు, అలా ముందున్న గాలి నొక్కుకుపోయి భగ్గున వేడెక్కుతుంది. ఆ వేడికి రేణువు ఆవిరై, అందులో ఏ మూలకముంటే ఆ రంగు వెలుగుతుంది. మతాబులో బేరియం వేస్తే ఆకుపచ్చ, స్ట్రాన్షియం వేస్తే ఎరుపు రావడం లేదూ? ఇక్కడ సోడియానిది నారింజ కలిసిన పసుపు. ఇనుముది పసుపు. మెగ్నీషియానిది నీలం కలిసిన ఆకుపచ్చ. కాల్షియానిది ఊదా. ఎరుపు మాత్రం ఉల్కది కాదు, కాగిన మన గాలిదే. వేగం మారినా రంగు మారుతుంది. నవంబరులో వచ్చే లియోనిడ్లు సెకనుకు 71 కిలోమీటర్లు…”

“అదిగో!” అన్నాం. మళ్ళీ వేళ్ళు, మళ్ళీ వాంగ్మూలాలు. ఒకరు ఆకుపచ్చన్నారు, ఒకరు తెలుపన్నారు. “మసక వెలుతురులో కన్ను రంగు పట్టదు, అందుకే చిన్నవన్నీ తెల్లగా ఉంటాయి” అని ఇద్దరినీ గెలిపించారు.

రెండు గంటలకు పిన్నిగారు ఫ్లాస్కుతో, చాపతో వచ్చారు. చాప పరిచి వెల్లకిలా పడుకుని, మాట్లాడకుండా అరగంటలో ఆరు లెక్కపెట్టారు.

“పప్పు పొంగి స్టవ్వు మీద పడితే మంట పసుపుగా లేస్తుందే, ఆ రంగండీ ఒకటి” అన్నారు.

“అదే సోడియం! పప్పులో ఉప్పు!” బాబాయిగారు పొంగిపోయారు. “కానీ ఈ ఫేథాన్ బుధుడి కన్నా లోపలికి, సూర్యుడి సెగలోకి వెళ్ళొస్తుంది. అందుకే కొన్నిటిలో సోడియం తక్కువ.”

“అంటే మీ కూరల్లా చప్పిడివి” అన్నారు పిన్నిగారు. ఆయనకు బీపీ.

నేనుండబట్టలేక అడిగాను: “ఇంతకీ మీరెన్ని చూశారు బాబాయిగారూ?”

“కూతురి పెళ్ళిలో విస్తరి ముందు తీరిగ్గా కూర్చున్న తండ్రిని ఎక్కడన్నా చూశావటోయ్!” అన్నారాయన.

పిన్నిగారు చాప మీద పక్కకు జరిగారు. “ఇలా పడుకుని, నోరు మూసుకుని, పైకి చూడండి.” నోటుబుక్కు ఆవిడ తీసుకున్నారు. ఆయన శాలువా కప్పుకుని బుద్ధిగా పడుకున్నారు. పది నిమిషాలు డాబా అంతా నిశ్శబ్దం. అప్పుడు పునర్వసు పక్కనుంచి ఒకటి, ఆ రాత్రికల్లా పెద్దది, ఫంక్షన్‌హాలు లైట్లను వెలవెలబోయేలా చేసి సగం ఆకాశం కోసుకుంటూ పోయింది. అందరం అరిచి ఆయన వైపు చూశాం.

సన్నగా గురక వినిపించింది.

పిన్నిగారు ఎర్ర టార్చి వెలుతురులో నోటుబుక్కు తెరిచి రాశారు: ‘2.40. పసుపు. ఉప్పు సరిపోయింది.’