జింకమ్మకో వెబ్‌సైటు

హైదరాబాద్‌లోని ఒక వెబ్ డిజైన్ కంపెనీ ఈ వారం శుభవార్త చెప్పింది. తాను తయారుచేసే ప్రతి వెబ్‌సైట్ మీద వచ్చే సొమ్ములో కొంత వన్యప్రాణుల సంరక్షణకు ఇస్తుందట. ప్రకటన పక్కన ఒక పులి బొమ్మ, దాని కింద ఆకుపచ్చ బటన్. ఎంత ఇస్తుంది, ఎవరికిస్తుంది, చివరికి ఏ జంతువు నోటికి చేరుతుంది లాంటి చిల్లర వివరాలు మాత్రం లేవు. పులి బాగుంది. ఒక్క చార కూడా చెరగలేదు.

ఈ వార్తకు అందరికంటే ఎక్కువ పొంగిపోయింది, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి జింక. తిండి, నీళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు, దాని మొదటి కష్టం వేరే ఉంది. తాను ఉన్నానని రుజువు చేసుకోవాలి. 2025 మార్చిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తేల్చేశారు కదా, అక్కడ పులుల్లేవు, జింకల్లేవు, అభివృద్ధికి అడ్డుపడే గుంటనక్కలే ఉన్నాయని. నిజానికి గుంటనక్క కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడే జంతువే. తిట్టు రూపంలోనైనా సరే, దానికి ముఖ్యమంత్రి స్థాయిలో ధ్రువీకరణ దొరికింది. జింకకు అదీ లేదు.

తర్వాత అక్కడి చెట్లు కొట్టి నేల చదును చేయడానికి ప్రభుత్వ బుల్డోజర్లు వచ్చాయి. నెమళ్ల అరుపులు, పరుగులు తీసే జింకలు ఫోన్లలో తిరిగాయి. అప్పుడు ప్రభుత్వం ఇవన్నీ ఏఐ బొమ్మలంది. వాటిలో కొన్ని నిజంగానే ఏఐతో చేసినవి, అందులో అబద్ధం లేదు. అలాంటి ఒక బొమ్మను పంచుకున్నందుకు సీనియర్ ఐఏఎస్ అధికారిణికి కూడా పోలీసు నోటీసు వెళ్లింది. నకిలీ బొమ్మలు ఉన్నాయి కాబట్టి అసలు జింకలు లేవని తేలిపోయింది. ఈ లెక్కన మార్కెట్లో దొంగ నోట్లు దొరికితే రిజర్వు బ్యాంకును మూసేయాలి.

ఇక్కడ జింకకు అర్థంకాని విషయం ఇంకొకటుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం చుక్కల జింకను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. పాలపిట్ట, తంగేడు, జమ్మిచెట్టు సరసన పీటేసి కూర్చోబెట్టింది. రాష్ట్రానికి చిహ్నంగా ఉండొచ్చట, రాష్ట్రంలో ఉండకూడదట.

అందుకే అది వెబ్ డిజైన్ కంపెనీ మెట్లెక్కింది. సేల్స్ కుర్రాడు లేచి కుర్చీ చూపించాడు.

"చెప్పండి మేడమ్, మీది ఏ బిజినెస్?"

"బిజినెస్ ఏంది సార్. మేసుడు, నెమరేసుడు."

"ఫుడ్ సెక్టార్ అన్నమాట. ఇప్పటిదాకా ఆన్‌లైన్‌లో ఉన్నారా?"

"ఆన్‌లైన్ల ఉన్న సార్. భూమ్మీదనే లేనంటున్నరు."

కుర్రాడు దాన్ని 'క్లయింటు అవసరం' అన్న గడిలో నమోదు చేసుకున్నాడు.

మొదటి చిక్కు డొమైన్ దగ్గరే వచ్చింది. జింక పేరు, నెమలి పేరు, వనం పేరు, చివరికి అడవి పేరు కూడా నగరం చుట్టూ వెలిసిన వెంచర్లు ఎప్పుడో పెట్టేసుకున్నాయి. ఏ చెట్టు కొట్టేస్తే ఆ చెట్టు పేరు గేటు మీద రాయడం రియల్ ఎస్టేట్‌లో పాత మర్యాదే. జింక బిక్కమొహం వేస్తే కుర్రాడు ఓదార్చాడు. మీరొక్కరే కాదు మేడమ్, ప్రపంచంలోనే పెద్ద వర్షారణ్యానికీ ఇదే గతి అన్నాడు. డాట్ అమెజాన్ కావాలని 2012లో అమెజాన్ కంపెనీ దరఖాస్తు పెట్టింది. అమెజాన్ నది తమ ఊళ్ల మీదుగా పారుతోందని బ్రెజిల్, పెరూ మొత్తుకున్నాయి. ఏళ్ల తరబడి వాదులాట నడిచాక 2019లో ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ కంపెనీ వైపే మొగ్గింది. నది తరఫున ఎదురు సమాధానం చెప్పడానికి లాయరు లేడు.

రెండో చిక్కు చిరునామా. సర్వే నంబర్ 25, కంచ గచ్చిబౌలి, 400 ఎకరాలు అని జింక చెప్పింది. రికార్డుల్లో అది అడవి కాదని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. 1975లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి 2,300 ఎకరాలకు పైగా అప్పగించారు. 2004 నాటికి అందులోంచి 400 ఎకరాలు ఆటల అకాడమీ పేరుతో ఐఎంజీ భారత అనే సంస్థ చేతికెళ్లాయి. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. ఆ తర్వాత 2024 దాకా మనుషులు కోర్టుల్లో ఉన్నారు. మనుషులు కోర్టుల్లో ఉన్నన్నాళ్లూ చెట్లు నేలమీద ఉన్నాయి, పెరిగాయి. కేసు గెలిచిన ప్రభుత్వం ఫైలు పట్టుకుని తిరిగొచ్చి చూస్తే ఫైల్లో లేనివన్నీ అక్కడ మేస్తున్నాయి. అలాంటప్పుడు తప్పు ఎవరిదవుతుంది? మేసేవాళ్లదే.

'మా గురించి' అన్న పేజీ మాత్రం చకచకా నిండింది. జింక తన ఇరుగుపొరుగు అందర్నీ రాయించింది. నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు, ఉడుములు, కొండచిలువలు, ముళ్లపందులు. ఆ విశ్వవిద్యాలయ ఆవరణకే ప్రత్యేకమని పరిశోధకులు చెప్పే మురీసియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడు. పేరులోనే ఊరిని మోస్తున్న పౌరుడికి కూడా ఊళ్లో స్థలం లేదన్నమాట. సాలీడు ఫొటో చాలా చిన్నగా వచ్చిందని కుర్రాడు దాని బదులు మళ్లీ పులినే పెట్టాడు. పులి అక్కడ లేదని జింక చెప్పబోయింది. "పులి ఉంటే క్లిక్కులు వస్తాయి మేడమ్" అన్నాడు.

ఇక లాగిన్. "నేను రోబోను కాదు" అన్న గడిలో టిక్కు పెట్టమంది కంప్యూటరు. జింక గిట్టతో నొక్కింది. నమ్మలేదు. తొమ్మిది బొమ్మలు చూపించి, బుల్డోజర్లు ఉన్నవన్నీ గుర్తుపట్టమంది. ఇంత తేలిక ప్రశ్న జింకకు పుట్టి బుద్ధెరిగాక ఎదురుకాలేదు. ఇది మార్చి 30న ఉగాది పూట వచ్చింది సార్, ఇది ఆ పక్కనే దిగింది, ఇది రాత్రిపూట లైట్లేసుకుని పనిచేసింది, ఇది మా పొదల మీదికెళ్లింది అని ఒక్కొక్కటీ ఊరూ పేరూ చెప్పి మరీ నొక్కింది. తొమ్మిదికి తొమ్మిదీ కరెక్టు. ఇంత వేగంగా ఇన్ని బుల్డోజర్లను గుర్తుపట్టేది యంత్రమే అయ్యుండాలని కంప్యూటరు జింకను బయటికి గెంటేసింది.

'మా మీద అభిప్రాయాలు' అన్న పేజీకి జింక దగ్గర ఒకే ఒక్క సాక్ష్యం ఉంది. కాకపోతే గట్టిది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెబితే హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా వెళ్లి చూశారు. దాదాపు 100 ఎకరాల్లో చెట్లు నేలమట్టమయ్యాయని, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించాయని నివేదిక ఇచ్చారు. అదే రోజు కోర్టు పనులు ఆపించింది. అంటే ఈ రాష్ట్రంలో జింక ఉందని చెప్పడానికి రాష్ట్ర చిహ్నం చాలలేదు, విద్యార్థుల కళ్లు చాలలేదు, దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఆదేశం కావలసి వచ్చింది. కుర్రాడు ఆ సాక్ష్యానికి ఐదు నక్షత్రాలు వేశాడు.

జింకకు చిన్న సందేహం వచ్చింది. "మీ కంప్యూటర్లోళ్లు మా కోసం ఇంతకుముందు ఏమన్న చేసిండ్రా సార్?"

ఎందుకు చేయలేదు? కుర్రాడు వెంటనే 2011 నాటి కథ చెప్పాడు. గోడాడీ అనే డొమైన్ల కంపెనీ అధిపతి బాబ్ పార్సన్స్ జింబాబ్వే వెళ్లి ఏనుగును కాల్చి చంపాడు. ఆ వీడియోను తనే నెట్‌లో పెట్టుకున్నాడు. రైతుల జొన్నచేలు తొక్కుతున్న ఏనుగు అది, ఆకలిగా ఉన్న ఊరికి మాంసం కూడా దొరికింది అని సమర్థించుకున్నాడు. మాంసం కోసుకుంటున్న గ్రామస్తుల తలల మీద గోడాడీ టోపీలు. లోకం భగ్గుమంది. నేమ్‌చీప్ అనే పోటీ కంపెనీ గుండె కూడా కరిగింది. గోడాడీని వదిలేసి మీ డొమైన్ మా దగ్గరికి తెచ్చుకోండి, 4.99 డాలర్లే, అందులో ఒక డాలరు ఏనుగులకు అంది. సేవ్ ది ఎలిఫెంట్స్ సంస్థకు 20 వేల డాలర్లకు పైగా చేరాయి. అది మంచి సంస్థే, ఆ డబ్బు పనికొచ్చే ఉంటుంది. మిగతా లెక్క కూడా చూడాలి కదా. చచ్చింది ఒక ఏనుగు. చేతులు మారినవి 20 వేలకు పైగా డొమైన్లు. ఒక కంపెనీకి ఏనుగు వీడియోకు పనికొచ్చింది, ఇంకో కంపెనీకి ఖాతాదార్లను తెచ్చిపెట్టింది.

"మంచిగనే ఉంది సార్. మరి ఏనుగుకేం వచ్చింది?" అని జింక అడిగింది. ఆ ప్రశ్న తరచుగా అడిగే ప్రశ్నల జాబితాలో లేదు.

అంతా అయ్యాక అసలు ముడి బయటపడింది. వెబ్‌సైట్ తయారైంది, దాన్ని ఉంచేదెక్కడ? వెబ్‌సైట్ గాల్లో ఉండదు, సర్వర్‌లో ఉంటుంది. సర్వర్‌కు డేటా సెంటర్ కావాలి. డేటా సెంటర్‌కు కరెంటు కావాలి, చల్లబరచడానికి ఏర్పాట్లు కావాలి, అన్నిటికంటే ముందు భూమి కావాలి. అవతల విశాఖలో గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెట్టి డేటా సెంటర్ కడతానంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అదే కబురు. మన నగరమేం తక్కువ తిన్నదా? కుర్రాడు మ్యాప్ తెరిచి, ఐటీ కారిడార్ పక్కనే, రోడ్డు పక్కనే, ఖాళీగా ఉన్న ఒక పచ్చటి ముక్క మీద వేలు పెట్టాడు.

"ఇక్కడైతే సూపర్‌గా ఉంటుంది మేడమ్. 400 ఎకరాలు. ఎవరూ ఉండరు."

జింక తన వెబ్‌సైట్‌ను నిలబెట్టుకోవాలంటే తానుండే చోటు ఖాళీ చేయాలి. ఖాళీ చేస్తే ఇక ఏ భయమూ లేదు. ఇరవై నాలుగు గంటలూ, వారానికి ఏడు రోజులూ, ఎండలో, వానలో అది తెర మీద గెంతుతూనే ఉంటుంది. కుక్కలు కరవవు. పిల్లలు వేలితో తాకితే చెవులాడిస్తుంది. మెచ్చినవాళ్లు ఆకుపచ్చ బటన్ నొక్కి విరాళం ఇవ్వవచ్చు.

కుక్కల మాట ఊరికే అన్నది కాదు. చెట్లు కూలాక నీడ కోసం పరుగెత్తిన జంతువులను వీధికుక్కలు కరుస్తున్న వీడియోలు చూసి, 2025 ఏప్రిల్ 16న సుప్రీంకోర్టే కలవరపడింది. వాటిని కాపాడే చర్యలు వెంటనే తీసుకోవాలని వన్యప్రాణి వార్డెన్‌ను ఆదేశించింది. ఆ 100 ఎకరాలను మళ్లీ ఎలా పెంచుతారో ప్రణాళిక తెమ్మంది. రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని కఠిన చర్యల నుంచి కాపాడుకోవాలనుకుంటే ఆ పని చేయండని చెప్పాల్సి వచ్చింది. మే నెలలో మరో మాట కూడా అడిగింది, వరుస సెలవులు చూసుకుని ఎందుకు మొదలుపెట్టారని. ఒక రాష్ట్ర ప్రభుత్వం, తన సొంత భూమి అని చెప్పుకునే చోట, పండగ సెలవుల్లో, కోర్టులు తెరవకముందే చెట్లు నరికించింది. నిజంగా తనదే అయితే ఆ హడావిడి దేనికి? దొంగకు ఉండే తొందర యజమానికెందుకు? అడ్డం పడిన విద్యార్థులను ఈడ్చుకెళ్లి వ్యాన్లలో పడేశారు, కేసులు పెట్టారు, ఊరంతా తిట్టాక వెనక్కి తీసుకున్నారు. కేసులు వెనక్కి తీసుకోవచ్చు. 100 ఎకరాల చెట్లను ఏ జీవోతో వెనక్కి తెస్తారు?

ఆ భూమిని ఐటీ కోసమే అమ్మబోయారని మరిచిపోకూడదు. 50 వేల కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు అని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆ అద్దాల మేడల్లోకి వచ్చేది ఎవరు? సాఫ్ట్‌వేర్ కంపెనీలు, వాటి పక్కనే వెబ్ డిజైన్ కంపెనీలు. అంటే కొనుగోలుదారు వాళ్లే, సానుభూతి చూపేదీ వాళ్లే. పెద్ద కంపెనీలకైతే 2013 కంపెనీల చట్టమే దారి చూపించింది. లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి, వన్యప్రాణుల రక్షణ ఆ జాబితాలో ఉంది. రెండు శాతంతో ఎక్కడో జింకకు గడ్డి వేయించి, మిగతా తొంభై ఎనిమిది శాతంతో ఇక్కడి జింక నెత్తిన టవర్ లేపినా చట్టం ప్రకారం తప్పేమీ లేదు. నివేదిక అట్ట మీద పులి మాత్రం కనిపించాలి. ఇది సంరక్షణ కాదు, శవం మీద పూలదండకు ముందుగానే ఆర్డరివ్వడం.

కంచ గచ్చిబౌలిలో మిగిలిన చెట్లు మిగిలింది ఏ కంపెనీ దయవల్లా కాదు. తరగతులు మానేసి బుల్డోజర్ల ముందు నిలబడ్డ పిల్లల వల్ల, కోర్టుకెళ్లిన కొద్దిమంది వల్ల, సమయానికి వచ్చిన ఒక ఆదేశం వల్ల. ఆ రోజుల్లో నగరంలోని ఐటీ కంపెనీలు పెద్దగా నోరు విప్పలేదు. ఆ స్థలం మాకొద్దు అని ఏ పెద్ద పేరూ బోర్డు కట్టలేదు.

కాబట్టి వన్యప్రాణులను ప్రేమించే వెబ్ కంపెనీలకు ఒక విన్నపం. విరాళం తర్వాత సంగతి, ముందు పైసా ఖర్చులేని పని ఒకటుంది. ఆ 400 ఎకరాల్లో ఎప్పుడు, ఎవరు, ఏ భవనం కట్టినా అందులో ఒక్క అడుగు కూడా అద్దెకు తీసుకోబోమని, అక్కడ పెట్టే సర్వర్‌లో మా వెబ్‌సైట్ ఒక్కటీ ఉంచబోమని సంతకం చేసి ప్రకటించండి. అద్దెకుండేవాడు లేడని తెలిస్తే కట్టేవాడు ఆగుతాడు, కట్టేవాడు లేకపోతే అమ్మేవాడూ ఆగుతాడు. ఆ మాత్రం రాసివ్వలేకపోతే మీ విరాళం మీ దగ్గరే ఉంచుకోండి.