వడియాలకి మార్కులేవిరా?

ఏరా అబ్బాయ్, బియ్యం మిల్లు ఎక్కడ పెట్టాలో ఆ లాప్‌టాప్ చెబుతుందా నీకు? పొద్దున్నుంచీ చూస్తున్నాను. నాలుగూళ్ల పేర్లు రాశావు. ధాన్యం దొరుకుబడికి 30, రోడ్డుకి 25, కరెంటుకి 20, కూలీలకి 15, స్థలం ధరకి 10. ఒక్కో ఊరికీ మార్కులేసి, హెచ్చవేసి, కూడి, ఫస్టొచ్చిన చోట కొబ్బరికాయ కొడతానంటావు. పదో తరగతి పరీక్షట్రా ఇది?

మా రోజుల్లో కాలవ గట్టెమ్మట నడిచి తేల్చేవాళ్లం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక గోదావరి కాలవలు పొలాలకి నీళ్లే కాదు, పడవలకి దారీ అయ్యాయి. ధాన్యం బస్తాలు పడవ మీద వచ్చేవి. లాకుల దగ్గర పడవ ఆగితే సరంగు పొయ్యి మీద చేపల పులుసు కుతకుతలాడుతుండేది, ఆ వాసన ఇప్పటి హోటళ్లలో... ఏం చెబుతున్నాను? ఆఁ, మిల్లు.

క్వింటా ధాన్యం ఆడిస్తే బియ్యం 67 కిలోలు, కాస్త అటూ ఇటూ. తక్కినదంతా ఊకా తవుడూ. ఊకని పని గట్టుకుని యాభై మైళ్లు మోసేవాడెవడు? అందుకే మిల్లు పొలాల దగ్గరే ఉండాలి. చెరుకైతే మరీనూ, నరికి పడేస్తే పూటపూటకీ తీపి తగ్గిపోతుంది. ఇలాంటివన్నీ వెబర్ అనే జర్మనీ ఆయన 1909లోనే పుస్తకంలో రాశాడని నువ్వే చెప్పావు. మా బండివాళ్లు ఎద్దు మెడ చూసి చెప్పేవాళ్లు.

నీ పట్టీలో గాలి ఏదిరా? పడమటి గాలి తిరిగిందంటే ఊకంతా పక్కింటావిడ ఆరేసిన వడియాల మీదే. ఆ తగాదాకి ఎన్ని మార్కులు? టీ కొట్టు లేని చోట కళాసీలు నిలుస్తారా? అసలా ముప్ఫైలూ పాతికలూ వేసిందెవరు? నువ్వేగా! కూలీల పదిహేనునీ రోడ్డు పాతికనీ తారుమారు చెయ్యి, ఫస్టొచ్చే ఊరే మారిపోతుంది. అన్నట్టు, మీ అత్తారి ఊరే ఫస్టొచ్చిందేం?

నవ్వకు. మా షావుకారు మిల్లు కూడా ఆయన మామగారు ఊరికే ఇచ్చిన స్థలంలోనే లేచింది, నిజమే. సిద్ధాంతి ఈశాన్యం భేషుగ్గా ఉందన్నాడు. పల్లం సంగతి ఎవరూ అడగలేదు. గట్టి వాన పడితే అడుగు వరస బస్తాలు మొలకలెత్తేవి. ఎంత పచ్చగా ఉండేవో!

సరే, స్థలం చూడ్డానికి ఎప్పుడెళ్తున్నావు? వాన పడే రోజు చూసి బయల్దేరు, నేనూ వస్తాను. గొడుగు మాత్రం నువ్వే పట్టాలి.