గోడ మాహాత్మ్యము

2018 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానమున ఆధార్ వ్యాజ్యము విచారణకు వచ్చినపుడు, ప్రజల వేలిముద్రలకును కనుపాపలకును వచ్చిన భయమేమియు లేదనియు, ఆ వివరములన్నియు 13 అడుగుల ఎత్తును 5 అడుగుల మందమును గల గోడల చాటున భద్రముగా నున్నవనియు అటార్నీ జనరల్ గారు సెలవిచ్చిరి. ఎంత చల్లని మాట! గోల్కొండ గోడలును తక్కువవి కావు. కాని 1687లో ఔరంగజేబు సేన ఆ గోడలు కూలగొట్టి లోపలికి రాలేదు. లోపలివాడే లంచము మెక్కి తలుపు తీసెను. మనవారు లంచమైనను పుచ్చుకొనకుండ తీసిరి; భేద మంతమాత్రమే.

ఆ యేడే జూన్ మాసమున పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వ్యాపారి యొకడు, టార్గెట్టు పూర్తి చేసికొనుటకై, ఏ గోడయు నెక్కక, ఏ కన్నమును వేయక, రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటునుండి భూముల దస్తావేజులను దింపుకొని, వానియందలి బొటనవ్రేలి గుర్తులను రబ్బరు ముద్రలుగా పోతపోసి, ఎవరెవరి పేరనో వేలకొలది సిమ్ములకు ప్రాణప్రతిష్ఠ గావించెను. అతని తరువాతి తస్కరులు సిమ్ములతో తృప్తి చెందలేదు. ఆధార్‌తో సొమ్ము తీయు పద్ధతికి పిన్ను వలదు, ఓటీపీ వలదు. బ్యాంకు పేరును, ఆధార్ సంఖ్యయు, వేలిముద్రయు నున్న చాలును. దస్తావేజులో సంఖ్యయు ముద్రయు పెండ్లిపీటల మీది దంపతులవలె ప్రక్కప్రక్కనే కొలువుదీరియుండగా, బ్యాంకు పేరు ఊహించుటకు ఎంత పాండిత్యము కావలెను? ఖాతానుండి 10,000 రూపాయలు పోయినవని ఫోనులో మెసేజి చూచుకొన్న రైతు, ముందుగా తన బొటనవ్రేలిని తడవి చూచుకొనును. అది యథాస్థానముననే యుండును!

దొంగలు పట్టుబడిన పిమ్మట, దస్తావేజులలోని ముద్రలను కప్పిపెట్టుడని ఆజ్ఞలు వెడలినవి. అప్పటికే దింపుకొనిన ముద్రలను ఏ ఆజ్ఞ కప్పగలదు?

2022 మే నెలాఖరున ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయమువారు, ఆధార్ జిరాక్సులను ఎవరికిబడిన వారికి ఇయ్యవలదని పౌరులను హెచ్చరించిరి. రెండు దినములు తిరుగకముందే, జనులు అపార్థము చేసికొందురని కేంద్రప్రభుత్వము ఆ హెచ్చరికను వెనుకకు తీసికొని, మామూలు జాగ్రత్త చాలునని ఉపదేశించెను. లాడ్జిలో గది కావలెనన్న జిరాక్సు, అద్దె యిల్లు కావలెనన్న జిరాక్సు అడుగు దేశమున, అడిగినవానికి ఇచ్చి ఊరకుండుటయే మామూలు; ఇక అందులో జాగ్రత్త యెచ్చట?

ఇదియు గాక, వేలిముద్రకు తాళము వేసికొను సదుపాయము కలదుగదా, వేసికొననిది మీ తప్పేగదా యని బుద్ధి చెప్పువారు బయలుదేరినారు. సొమ్ము తీయు దారిని ఖాతాదారు అడుగకయే తెరచి, తాళమును మాత్రము అడిగినవారికే ఇచ్చు ధర్మము ఏ స్మృతిలోనిది? అందరి ముద్రలకును ముందుగనే తాళము వేసి, కావలసినవానికి అతని సమ్మతిపై తీసి యిండు. పింఛను కొరకు వ్రేలు చాచు ముదుసలికి ఆ తెరచు పనిలో తోడ్పడుడు. అంతవరకు పోయిన ప్రతి రూపాయియు దస్తావేజు బయటపెట్టినవారి లెక్కలోను, దారి తెరచినవారి లెక్కలోను వ్రాయవలసినదే గాని, వ్రేలు గలవాని లెక్కలో కాదు.