శునకపుత్రకామేష్టి

పూర్వకాలమున సంతానాపేక్ష గల దంపతులు నోములు నోచిరి, తీర్థములు సేవించిరి, రావిచెట్టునకు ప్రదక్షిణములు చేసిరి. దశరథుని వంటి చక్రవర్తియైనచో ఋష్యశృంగుని రప్పించి యిష్టియే చేయించెను. నేటి భాగ్యనగరమున, కొండాపురము, గచ్చిబౌలి, మణికొండ ప్రాంతముల ఆకాశహర్మ్యములలో పందొమ్మిదవ యంతస్తున కాపురముండు నవదంపతులకు అంతటి ప్రయాస అక్కరలేదు. శనివారము రాత్రి ఫోనులో నాలుగు బొమ్మలు చూచి, నీలికన్నుల వానిని ఎన్నుకొని, యూపీఐ ద్వారా సొమ్ము చెల్లించినచో ఆదివారము మధ్యాహ్నమునకు పిల్లవాడు అట్టపెట్టెలో ఇంటికి దిగును. సాయంకాలమునకు ఆలుమగలిరువురును తల్లిదండ్రులగుదురు. రాత్రికి పిల్లవాని పేర ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరవబడును. మరునాటినుండి పిల్లవాడు ఆ ఖాతాలో ఉత్తమపురుషలో, చక్కని యాంగ్లమున, తన మమ్మీ తన్ను ఇంటవిడిచి ఆఫీసునకు పోయినదని వాపోవుచుండును.

ఈ శుభవార్త పెద్దలకు చేరు తీరు వినదగినది. తణుకులోనో సూర్యాపేటలోనో ఉన్న తల్లికి కుమార్తె ఫోను చేసి "అమ్మా, నువ్వు అమ్మమ్మవయ్యావు!" అనును. ఆ మాటకై పెండ్లినాటినుండి ఎదురుచూచుచున్న యా యిల్లాలు కన్నులు తుడుచుకొని "ఎన్నో నెలే?" అని అడుగును. "రెండో నెలమ్మా, టీకాలు కూడా మొదలెట్టాం" అని జవాబు వచ్చును. అటుపిమ్మట వీడియోలో చెవులు రిక్కించి నాలుక వ్రేలాడవేసిన మనుమని దర్శనమైనపుడు ఆమె కొంతసేపు ఊరకుండి, "పాలు తాగుతున్నాడా?" అని మాత్రము అడుగును, ఏ ప్రాణిని చూచినను తెలుగుతల్లి మొదట అడుగు ప్రశ్న అదియే గదా! ఇక వరుని తండ్రి, పిల్లవాని వెల యెంతో తెలిసికొని, "ఒరే, ఆ సొమ్ముకి ఈనిన గేదె వచ్చేది గదరా!" అని నిట్టూర్చి ఫోనును భార్య చేతికిచ్చును.

ఇట్టివారు తమను "పెట్ పేరెంట్స్" అని చెప్పికొనుచున్నారు. బనీనులపై అచ్చువేయించుకొని తిరుగుచున్నారు. నాకు ఈ బిరుదముపై ఈర్ష్య లేదు. కుక్కను ప్రేమించుట తప్పని వాదించు మూర్ఖులలో నేను చేరను. బిడ్డలను కనవలసిన వయసున కుక్కలను పెంచుచున్నారని గుండెలు బాదుకొనువారి గుంపునను నిలువను. కనుటయు కనకుండుటయు వారి యింటి వ్యవహారము. నేను విచారింపదలచినది ఒక్కటే: తల్లిదండ్రులమను హక్కుపత్రమును చేతబట్టి యూరేగుచున్న వీరు ఆ పత్రము వెనుకవైపున వ్రాసియున్న భారములను ఎన్నడైన చదివిరా?

మొట్టమొదట సంతానమును ఎన్నుకొను విధమును చూడుడు. మనుష్యసంతానము ఏ ముక్కుతో పుట్టినను తల్లికి ముద్దే. వీరికి మాత్రము ముందు ముక్కు నిశ్చయమగును, పిదప బిడ్డ నిశ్చయమగును. 2003లో హచ్ అను టెలిఫోను సంస్థవారి ప్రకటనలో ఒక బాలుని వెంట ఒక పగ్ కుక్క నడచినది మొదలు మన మధ్యతరగతి యిండ్లకు చప్పిడిముక్కుపై మోజు పుట్టెను. ఆ ముక్కు సొగసునకై తరతరములుగా మొగమును కుదించి కుదించి పెంచిన ఫలముగా ఆ జాతికి శ్వాసమార్గము ఇరుకై, ఊపిరి పీల్చుటయే ఒక ఉద్యోగమైనది. కన్నబిడ్డ గొంతు గురగురలాడినచో అర్ధరాత్రమని చూడక ఆస్పత్రికి పరుగెత్తు మనుష్యజాతిలో, ఆ గురగురను "ఎంత క్యూట్‌గా గురక పెడుతున్నాడో!" అని రికార్డు చేసి నలుగురికి పంపు తల్లులు వీరొక్కరే. ఎనిమిది వారములు నిండని పిల్లను విక్రయింపరాదని, పెంపకదారులు ప్రభుత్వమువద్ద నమోదు కావలెనని 2017 నాటి నియమావళి ఘోషించుచున్నది. అయినను, ఈ పిల్లను కన్న కుక్క యెక్కడ నున్నది, ఏ యినుపబోనులో ఎన్నవ ఈత ఈనినది అని అమ్మకందారుని నిలవేసి అడుగు పెంపుడుతల్లి అరుదు. బిడ్డపై ఇంత ప్రేమ గలవారికి బిడ్డను కన్నదానిపై ఇంత నిర్లక్ష్యము ఎట్లు పొసగినదో నాకు బోధపడదు.

పగ్‌ల ముచ్చట తీరిన పిదప హస్కీల యుగము ప్రవేశించినది. సైబీరియా ఈశాన్యపుకొన యందలి చుక్చీ జనులు మంచుపై బండ్లు లాగుటకై పెంచి పోషించిన జాతి యది. 1925 జనవరి చివర, అలాస్కాలోని నోమ్ పట్టణమున కంఠసర్పి వ్యాధి తలయెత్తి పసిబిడ్డల ప్రాణములు హరించుచుండగా, రైలు చేరలేని ఆ మంచుయెడారిలో ఒక జట్టు మరియొక జట్టునకు అందించుచు, సుమారు 1,085 కిలోమీటర్లు ఐదున్నర దినములలో దాటించి మందును చేర్చిన కుక్కలలో ఈ జాతివి ముఖ్యములు. ఆ జట్లకు అగ్రేసరములైన టోగో, బాల్టోల పేళ్ళు నేటికిని చరిత్రలో నిలిచియున్నవి. ఆ వీరుల వంశాంకురము నేడు మణికొండలో సోఫానుండి బాల్కనీకి, బాల్కనీనుండి సోఫాకు దండయాత్రలు సలుపుచున్నది. పైన పొడవైనదియు లోన దట్టమైనదియునగు రెండు వరుసల రోమకంచుకముతో పుట్టిన యా జీవమునకు చెమట పట్టుచోటు అరికాళ్ళయందే గాని ఒడలెల్ల లేదు. నోరు తెరచి రొప్పుటయే దానికి శైత్యోపచారము. ఎండ నలుబది డిగ్రీలు దాటు వైశాఖమున తల్లిదండ్రులు ఏసీని పదునెనిమిది వద్ద నిలిపి, తాము రగ్గులు కప్పుకొని వణకుచు, తమ త్యాగమునకు తామే మురిసికొందురు. కరెంటు పోయి, అపార్ట్‌మెంటు జనరేటరు ఏసీల భారము మోయనని మొరాయించిన గంటలో మాత్రము సైబీరియా మటుమాయమగును.

మన కొల్లేటి ప్రాంతమున జోనంగి యను దేశవాళీ జాతి యొకటి కలదు: పొట్టి వెండ్రుకలు, నున్నని మేను, ఈ యెండలోనే పుట్టి ఈ యెండలోనే బాతులమందలను కాచిన వంశము. దానినో, వీధి మొగదలనే పుట్టిన యే నల్లకుక్కపిల్లనో బిడ్డగా స్వీకరింపుడని చెప్పి చూడుడు, "దానికి నీలికళ్ళు ఉండవు కదా అంకుల్!" అని జవాబు వచ్చును. కన్నుల రంగునుబట్టి పుట్టెడు వాత్సల్యము అది యెట్టిదో వాత్సల్యశాస్త్రము వ్రాసినవారే చెప్పవలెను.

ఇక పెంపకము. ఉదయము తొమ్మిదింటికి తండ్రియొక ఆఫీసునకును తల్లియొక ఆఫీసునకును పోవుదురు. పిల్లవాడు రాత్రి ఎనిమిదింటివరకు నాలుగు గోడల నడుమ, కెమెరా క్రింద, ఏకాంతవాసశిక్ష అనుభవించును. మధ్యాహ్నము మీటింగు నడుమ తల్లి ఫోనులో ఆ కెమెరాను తెరచి "సోఫా కొరికేశాడు వీడు!" అని భర్తకు మెసేజి పంపును, "నీ పోలికే" అని భర్త బదులిచ్చును. దంపతుల సరసము లటులుండనిండు. క్రోసులకొలది పరుగెత్తుటకై పుట్టిన జీవము పదకొండు గంటలు బంధింపబడి సోఫా గాక మరేమి కొఱుకవలెను? దానిని నడిపించుట వాచ్‌మన్ కొడుకు వంతు. అది చేసిన యశుభ్రము నెత్తుట పనిమనిషి వంతు, ఆమె జీతములో ఆ పనికి లెక్క లేదు. స్నానము వ్యానులో వచ్చు గ్రూమరు వంతు. తల్లిదండ్రుల వంతునకు ఫొటోలు మిగిలినవి. ఈ బిడ్డకు తోడుగా తెచ్చిన పర్షియను పిల్లిని ప్రతిదినము దువ్వవలెను. దువ్వుట ఆలిపనియా మగనిపనియా యను వాదము తేలులోపల అది జటాధారిణియై సోఫాక్రింద తపస్సున కూర్చుండును.

సంవత్సరమున కొకపర్యాయము మాత్రము వాత్సల్యము కట్టలు తెంచుకొనును: అది జన్మదినము. బిడ్డకు టోపీ పెట్టి కేకు కోయింతురు. వచ్చిన చుట్టములు ప్రేమ పట్టజాలక ద్రాక్షపండ్లు తినిపింతురు, చాక్లెట్టు నాకింతురు, ఉల్లిపాయలతో వండిన బిరియానీ పెట్టుదురు. ద్రాక్ష కుక్కకు మూత్రపిండములను, ఉల్లి ఎఱ్ఱరక్తకణములను, చాక్లెట్టు గుండెను నాడులను చెఱచునని ఏ పశువైద్యుని అడిగినను చెప్పును. కాని పశువైద్యుని ఆ విందునకు పిలువరు. బిడ్డ పుట్టిన తేదీ తల్లికి కంఠస్థము. రేబీస్ టీకా మరల నెన్నడు వేయింపవలెనో తెలియుటకు మాత్రము ఇల్లంతయు వెదకవలెను.

హక్కుల విషయమున వీరి పాండిత్యము అపారము. అపార్ట్‌మెంటు సంఘమువారు కుక్కలు లిఫ్టు ఎక్కరాదని నోటీసు అంటించిరా, తండ్రి వెంటనే 2015లో భారత జంతు సంక్షేమ మండలి జారీచేసిన మార్గదర్శకములు తెచ్చి, పెంపుడుజంతువులను నిషేధించుటకు గాని లిఫ్టునకు దూరముచేయుటకు గాని సంఘమునకు అధికారము లేదని సభాముఖమున చదివి వినిపించును. చదివినది సత్యమే, సంఘాధ్యక్షుడు నోరు మూసికొనవలసినదే. కాని ఆ పత్రముననే, ఇరుగుపొరుగులకు ఇబ్బంది కలుగకుండ చూచుకొనవలెనని, బయట అది విడిచిన మలమును శుభ్రము చేయవలెనని యజమానులకు చెప్పిన మాటలును ఉన్నవి. అచ్చటికి వచ్చునప్పటికి తండ్రికి కంఠము బొంగురుపోవును.

ఇంతవరకు చెప్పినవి లోపములే. లోపములు కన్నవారును చేయుదురు. అసలు కథ రెండవయేటనో మూడవయేటనో ప్రారంభమగును. తల్లి నిజముగనే గర్భవతి యగును. పిల్లి వెండ్రుకలు కడుపులోని బిడ్డకు చేటని పెద్దలు హెచ్చరింతురు. టాక్సోప్లాస్మా యను పరాన్నజీవి పిల్లిమలమునుండి సంక్రమింపగలదనుట నిజమే. అయితే అది వెండ్రుకలనుండి రాదు. మలమున వెలువడిన బీజములకు అంటుగుణము పట్టుటకు కనీసమొక దినము కావలెను. కావున ఆ మట్టితట్టను ప్రతిదినము భర్త శుభ్రపరచి, భార్య దాని జోలికి పోకున్న చాలునని వైద్యులు చెప్పుదురు. కుక్క యన్ననో ఆ బీజములను విసర్జింపనే విసర్జింపదు. కాని ప్రతిదినము తట్ట నెత్తుటకన్న ఒక్కపర్యాయము పిల్లి నెత్తివేయుట భర్తకు సులభము. పిల్లితోపాటు కుక్కయు ఇల్లు వెడలును.

గర్భము రానిచో వీసా వచ్చును. 2024 ఆగస్టునుండి కుక్కల ప్రవేశమునకు అమెరికావారు విధించిన నియమములు కఠినములే: ఆరు మాసములు నిండవలెను, మైక్రోచిప్పు ఉండవలెను, మనవంటి రేబీస్ పీడిత దేశములనుండి వచ్చుదానికి మరికొన్ని ధ్రువపత్రములు కావలెను. కఠినములే గాని యసాధ్యములు కావు. ఓర్పును ధనమును వెచ్చించి తీసికొనిపోవు దంపతులును ఉన్నారు, వారికి నా నమస్కారము. తక్కినవారు తమ వీసాకై ఎన్ని పత్రములైనను నింపి, బిడ్డ పత్రములకడ కలము సిరా ఇంకినదని చెప్పుదురు. అంతట సామాజిక మాధ్యమమున ప్రకటన వెలువడును: "తప్పనిసరి పరిస్థితుల్లో మా బంగారుకొండకు ప్రేమించే ఇల్లు కావాలి." బంగారుకొండకు ఇల్లు దొరకనిచో ఔటర్ రింగురోడ్డు దొరకును.

జంతువు ఆకలిదప్పులకు గురియగు తీరున నిష్కారణముగా దానిని విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము పదునొకండవ సెక్షను ప్రకారము నేరము. మొదటి నేరమునకు జరిమానా పది రూపాయలకు తగ్గదు, ఏబదికి మించదు. బిడ్డ తినెడు బిస్కత్తుల పొట్లము వెలకన్న బిడ్డను విడిచిన పాపపు వెల తక్కువగా నున్న దేశమున పితృత్వము చౌకయగుటలో వింత యేమున్నది!

కుక్కకు తల్లి యన నెట్టిదో భారతము ఆరంభముననే చెప్పియున్నది. జనమేజయుని యాగశాలలో ఆయన తమ్ములు నిరపరాధియగు సారమేయుని కొట్టిరి. బిడ్డ యేడ్చుచు వచ్చి చెప్పగా దేవశుని సరమ తిన్నగా యాగశాలకు పోయి, కురుచక్రవర్తి నెదుట నిలిచి, నా బిడ్డ చేసిన తప్పేమని నిలవేసెను. అదే భారతము తుదిని ధర్మరాజు, కుక్కను విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పినను, ఆశ్రయించినదానిని విడువనని స్వర్గమునే కాదనెను. ఆయన ఆ కుక్కకు తండ్రినని ఎన్నడును చెప్పికొనలేదు. పైగా తుదకు ఆ కుక్కయే ఆయన తండ్రి యని తేలినది. తండ్రినని చెప్పికొననివాడు స్వర్గమును వదలుకొన సిద్ధపడెను. తండ్రులమని బనీనులపై వ్రాయించుకొన్నవారు న్యూజెర్సీని వదలుకొనలేకున్నారు.

కావున ఈ బిరుదమును నిషేధింపుమని నేను కోరను. దానిని అక్షరాల అమలు జరుపుమని కోరుచున్నాను. మనుష్యశిశువును దత్తు కోరు దంపతులకు రెండేండ్ల నిలుకడైన కాపురము ఉండవలెనని మన దత్తత నిబంధనలు చెప్పుచున్నవి. ఉద్యోగి ఇంటికి వచ్చి వారి స్థితిగతులు విచారించి నివేదిక వ్రాయవలెను. హస్కీని కోరు దంపతుల యింటికిని అట్లే ఒకరు వచ్చి, నడిపించునదెవరు, ఎత్తునదెవరు, పండ్రెండు పదునాలుగేండ్లు బ్రదుకు ఈ జీవము మీ మూడవయేటి పయనమున ఎక్కడ నుండును అని అడుగవలెను. ఇరువదియేండ్ల గృహరుణపత్రముపై చెయ్యి వణకక సంతకము చేసినవారికి ఇదియొక లెక్క కాదు. అటుపిమ్మట పురోహితుని పిలిపించి దత్తహోమము చేయింపుడు. 1956 నాటి హిందూ దత్తత చట్టము పదునైదవ సెక్షనును గట్టిగా చదివి వినిపింపుడు. సక్రమముగా జరిగిన దత్తతను దత్తు తీసికొన్న తండ్రి గాని తల్లి గాని ఇతరులు గాని రద్దుచేయజాలరని అందున్నది. గర్భము, వీసా, ఇంటి యజమాని యలుక యను మినహాయింపులు అందులో లేవు.

ఇది భారమని తోచినవారికి బిరుదము లేని మార్గ మొకటి కలదు. ఉదయము అయిదున్నరకు లేచి, తాడు పట్టుకొని, రెండు మైళ్ళు నడచి, అది విడిచినదానిని కాగితముతో ఎత్తి, ఇంటికి వచ్చి గిన్నెలో నీళ్ళు పోసి, ఆ పిమ్మట ఆఫీసునకు పోవుట. అది బ్రదికియున్నన్నినాళ్ళును ఆ పని మానకుండుట. ఇట్లు చేయువారిని అమ్మ యనినను అయ్య యనినను పనివాడనినను కుక్కకు పట్టింపు లేదు. అదియు చేతకానివారు గోడకు ఒక హస్కీ పటమును తగిలించుకొనవచ్చును: కన్నులు నీలముగనే యుండును, ఏసీ అడుగదు, సోఫా కొఱుకదు, వీసా వచ్చిననాడు చుట్టి పెట్టెలో పెట్టుకొనిపోవచ్చును.