మఠం నేల మీద మిద్దె: టీకా తాత్పర్య సహితం

అవతారిక: తిరుపతిలో హాథీరాంజీ బావాజీ మఠం స్థలాన్ని బాడుగకు తీసుకొని తండ్రి కట్టిన మిద్దెలో ఉన్న ఒక గృహస్థుని ఇంటికి బ్రోకరొకడు వచ్చి, "నేల కూడా మీ పేరనే రాయిస్తా సామీ" అనెను. కొనుటయా, మానుటయా అను సంశయమున ఆ గృహస్థు చెప్పిన తేటగీతి ఇది.

గోడ నాదంట నేలేమొ గురునిదంట
పన్ను నాదంట పట్టాయొ పరులదంట
కొందుమన్నచో నాఫీసు కుదరదనును
విడుతుమన్నచో మాయమ్మ వినదు సుమ్ము

ప్రతిపదార్థం: గోడ = తండ్రి అప్పుచేసి లేపిన ఇటుక గోడ, పైనున్న నీళ్ల ట్యాంకుతో సహా; నాదంట = నాదేనట; నేలేమొ = పునాది కిందిదైతే; గురునిదంట = హాథీరాంజీ మఠానిదట; పన్ను = కార్పొరేషనుకు కట్టు ఇంటిపన్ను; పట్టాయొ = హక్కు కాగితమో; పరులదంట = వేరొకరిదట; కొందుమన్నచో = డబ్బు చేతబట్టి పోయినచో; ఆఫీసు = సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు; కుదరదనును = సర్వే నంబరు కొట్టి చూచి తల ఎత్తకయే చెప్పును; విడుతుమన్నచో = అపార్టుమెంటుకు పోదమన్నచో; మాయమ్మ = ఆ గోడకు నీళ్లు కొట్టి తడిపిన మా అమ్మ; వినదు సుమ్ము = "మీ నాయన కట్టిన ఇల్లురా" అని కంటనీరు పెట్టునే గాని కదలదు.

తాత్పర్యం: ఇల్లున్నది, ఇంటిపన్నున్నది, ఇంటి కింద నేల లేదు.

విశేషాలు:

గురుడనగా సామాన్యుడు గాడు. శ్రీవారితో పాచికలాడిన భక్తుడని స్థలపురాణం. ఆయన మఠపు మహంతులే 1843 నుండి 1933 వరకు తిరుమల ఆలయ పాలన చూచిరి. ఇట్టివారితో బేరమాడుట గృహస్థునికి తరమా అని ధ్వని.

మొదటి పాదమున విరోధాభాసాలంకారమని కొందరందురు. అది పొరపాటు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం కౌలుదారు తాను నేలకు బిగించినవాటిని స్వాధీనం వదలక మునుపే విప్పి తీసుకొని పోవచ్చును. నేలను మాత్రం పుచ్చుకొన్ననాటి స్థితిలో అప్పగించవలెను. అనగా గోడ నిజముగా మనదే, ఇటుకలూడబెరికి లారీకెత్తుకొనవచ్చును. కనుక ఇది స్వభావోక్తి.

"కుదరదనును" అనుటకు హేతువు: 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో 2007లో రాష్ట్రము చేర్చిన 22-ఎ సెక్షను. ప్రభుత్వ, దేవాదాయ (మఠాలవి సహా), వక్ఫ్ భూములు ఆ సెక్షను కింద రిజిస్ట్రేషన్ కూడని నిషేధ జాబితాలోనివి.

ఇచట బ్రోకరు పూర్వపక్షం: "రిజిస్ట్రేషన్ ఎందుకు సామీ? బాండు పేపరు మీద రాసుకొని నోటరీ కొట్టిస్తే చాలు. ఊళ్లో అందరూ ఇట్లే కొంటా ఉండారు." సిద్ధాంతం: దేవాదాయ శాఖ ముందస్తు అనుమతి లేక జరిగిన అమ్మకం 1987 నాటి దేవాదాయ చట్టం 80వ సెక్షను ప్రకారం చెల్లదు. అనుమతి వచ్చినను సాధారణముగా టెండరు, బహిరంగ వేలం తప్పవు. అప్పుడు మన పడకగది కింది నేలకు మనమే పాట పాడవలెను. పక్కవీధి ఆసామి మనకంటె పైపాట పాడిన, నేల అతనిది.

కౌలుదారుకు నేల కొను హక్కు అన్యత్ర కలదా యనిన, ఇంగ్లండులో 1967 చట్టం వచ్చినప్పటినుండి దీర్ఘకాలపు లీజుకు ఇల్లున్నవాడు ఫ్రీహోల్డు, అనగా నేలపై పూర్తి హక్కు, కొనుటకు హక్కుగలవాడు. మన పక్కనున్న మద్రాసులోను 1921 నాటి చట్టం, కట్టడం లేపిన కౌలుదారుకు నేల అమ్మించుమని కోర్టునడుగు వీలిచ్చినది; 1996లో తమిళనాడు దేవాలయాది మత సంస్థల స్థలాలను అందునుండి తప్పించినది. దేవుని సొమ్ము విషయమున ఇరుగుపొరుగుల మతమొక్కటే.

"2023లో ఫ్రీహోల్డు వచ్చె గదా" అని అడుగువారికి: అది ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూముల సంగతి. మఠం నేలకు అన్వయింపదు.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని అర్థసహితముగా చదివిన గృహస్థు బాండు పేపరుకు డబ్బివ్వడు, నేల బాడుగ బాకీ పెట్టడు, రసీదులు పారవేయడు. కొనదలచినచో మొదట 22-ఎ జాబితాలో తన సర్వే నంబరు చూచుకొనును. వేలం ప్రకటన వెలువడువరకు డబ్బు బ్యాంకులోనే ఉంచును.